ఆ నీళ్ళు ఎవరు తెచ్చినారు?

ఉగాది వెళ్ళిందంటే చాలు, మాలాంటి రచయిత్రులకు పత్రికల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "వేసవి ప్రత్యేక సంచిక వేస్తున్నామండీ! మీ దగ్గర్నుంచి ఏదైనా చల్లగా..." అంటారు. చల్లగా అంటే ఏమిటని నేను అడగను, వాళ్ళూ చెప్పరు. మల్లెపూలు ఓ పది మూరలు, మామిడిపళ్ళు ఓ బుట్టెడు, అమ్మమ్మ ఊరు, మేడ మీద నవారు మంచం, పైన వెన్నెల... వీటిని తగుపాళ్ళలో కలిపి, చివర్లో ఒక పెళ్ళిచూపులు పెడితే వేసవి కథ సిద్ధం! ఆవకాయకు కొలతలున్నట్టే దీనికీ ఉన్నాయి. ఆ కొలతల ప్రకారం నేనూ ఓ అరడజను కథలు, ఒక నవల రాసేశాను. చదివినవాళ్ళు బాగున్నాయనే అన్నారు.

ఒక్క మనిషి మాత్రం అలా అనలేదు. ఆవిడ మా మేనత్త. డెబ్భై దాటిన మనిషి. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. నేను బి.ఏ.లో చదువుకున్న అలంకారశాస్త్రం అంతా వెదికినా దానికి నాకు సమాధానం దొరకలేదు. ఆ ప్రశ్న సంగతే ఈ వ్యాసం.

మా అత్తను ఉయ్యాలవాడలో ఇచ్చారు. నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల - ఆ చుట్టుపక్కల అన్నమాట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. 2019లో 'సైరా' సినిమా వచ్చాక, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన నరసింహారెడ్డి పేరుతో పాటు ఈ ఊరి పేరూ దేశమంతా తెలిసింది. నాకు మాత్రం ఉయ్యాలవాడ అంటే చిన్నప్పటి వేసవి సెలవులు. కర్నూల్లో పరీక్షలు అయిపోయిన మర్నాడే బస్సెక్కేసేవాళ్ళం. అత్తవాళ్ళది మట్టి మిద్దె. కింద నాపరాళ్ళ బండలు. మధ్యాహ్నం ఆ బండల మీద వెల్లకిలా పడుకుంటే వీపు చల్లగా ఉండేది. మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాక్షిలోంచి ఎండ గుండ్రంగా బండ మీద పడి, మెల్లగా గోడ ఎక్కేది. అది గోడ ఎక్కిందంటే సాయంకాలం అయినట్టు, మాకు బయటికి పోవడానికి సెలవు దొరికినట్టు.

ఆ ఇంటినే నా నవలలో పెట్టుకున్నాను. అందులో ఒక రాత్రి ఉంది. పిల్లలంతా చేరి పొద్దువాలగానే మిద్దె మీద నీళ్ళు చల్లుతారు. పొద్దంతా కాలిన మట్టి మీద నీళ్ళు పడగానే కమ్మటి వాసన లేస్తుంది. ఆ తడి మీద చాపలు పరుచుకుని చుక్కలు లెక్కపెట్టుకుంటారు. అప్పుడు ఆ ఇంటి కోడలు, నెలలు నిండుతున్న మనిషి, చంకలో బిందెతో నిచ్చెన ఎక్కి పైకి వస్తుంది. వెన్నెల ఆమె ముఖం మీద పడుతుంది... ఆ పేజీని చాలామంది మెచ్చుకున్నారు. నన్నడిగితే నేనూ మెచ్చుకున్నాను. సభల్లో ఏదైనా చదవమంటే ఆ పేజీయే చదివేదాన్ని.

కిందటి మే నెలలో ఒక పెళ్ళికని ఉయ్యాలవాడ వెళ్ళాను. అత్త మనవరాలు ఆ నవలను నానమ్మకు రోజుకు కాస్త చొప్పున మొత్తం చదివి వినిపించిందట. నేను కాళ్ళు కడుక్కుని కూర్చున్నానో లేదో, అత్త మజ్జిగ చెంబు నా చేతికిచ్చి అడిగింది.

"పాపా, కత బాగానే రాసినావు. మిద్దె రాసినావు, వెన్నెల రాసినావు. ఆ నీళ్ళు యాడ్నించి వచ్చినాయో, ఎవరు తెచ్చినారో రాయలేదే?"

"నవల కదత్తా! అన్నీ రాయక్కర్లేదు" అన్నాను నవ్వుతూ.

"అట్లనా!" అంది అత్త. అంతే. ఇంకేం అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

మీరే చెప్పండి, ఆ తర్వాత ఎవరికైనా మజ్జిగ గొంతు దిగుతుందా!

ఆ రాత్రి కూర్చోబెట్టి అడిగితే, నెమ్మదిగా లెక్క చెప్పింది. మిద్దె తడవాలంటే ఎనిమిది బిందెలు కావాలట. వీధి చివర ఒక్కటే బోరింగు. రోహిణి కార్తెలో అందులో నీళ్ళు కిందికి పోయేవి. ముప్పై సార్లు కొడితేగాని చెంబుడు రావు. పగలు వరస తెమలదు. అందుకని అత్త రాత్రి రెండు దాటాక లేచి పోయేది. నాలుగు బిందెలు తెచ్చేసరికి తొలికోడి కూసేది. తాగడానికి, వంటకు, గొడ్లకు పోను మిగిలినవి పిల్లలు సాయంత్రం మిద్దె మీద ఒలకబోసేవాళ్ళు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. చల్లింది చాలక, ఒకళ్ళ మీద ఒకళ్ళు పోసుకుని ఆడుకున్నాం కూడా.

"వద్దని చెప్పుండొచ్చు కదత్తా?"

"పుట్నింటి పిల్లలు సెలవలకు వస్తే నీళ్ళు పొయ్యొద్దని యా నోటితో చెప్పేది?"

ఆ వేసవిలో అత్తకు ఏడో నెల. నేను వెన్నెల్లో నిలబెట్టిన మనిషి తనే. ఆ కాన్పు నిలవలేదు. నీళ్ళ బిందెల వల్లనే అని అత్త ఆనాడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. ఎండ తీవ్రతకూ నెలలు నిండని కాన్పులకూ సంబంధం ఉందని వైద్యులు చెబుతున్నది ఇప్పుడు. అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదు. మా సెలవులు అయిపోయాయి, మేం కర్నూలు వచ్చేశాం. ముప్పై అయిదేళ్ళ తర్వాత నేను ఆ బిందెను, ఆ కడుపును, ఆ నిచ్చెనను అందంగా ఉన్నాయని నవల్లో పెట్టుకున్నాను.

తిరిగి హైదరాబాదు వచ్చాక మన వేసవి రాతలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. అత్త ప్రశ్న చేతిలో పట్టుకుని చదివితే సాహిత్యం ఎంత వేరుగా కనిపిస్తుందో!

కాలేజీలో మా తెలుగు మేడమ్ అష్టాదశ వర్ణనలు బట్టీ పట్టించేవారు. ప్రబంధానికి ఋతువర్ణన తప్పనిసరి అని అప్పుడే తెలిసింది. కాళిదాసు ఋతుసంహారం గ్రీష్మంతోనే మొదలవుతుంది. చందనాలు, మేడలు, చంద్రకిరణాలు అన్నీ అందులో ఉన్నాయి. అంటే మన 'చల్లని' కథకు కొలతలు ఈనాటివి కావన్నమాట! కానీ ఆ మహాకవి ఎండను కూడా చూశాడు. వేడికి తాళలేక కప్ప వెళ్ళి పాము పడగ నీడన కూర్చుంటుంది, పాము వెళ్ళి నెమలి కింద చేరుతుంది. ఎండకు పుట్టువైరాలే మరిచిపోతాయని ఆయన ఊహ. ఎంత గొప్ప ఊహో!

కానీ మా అత్త వీధిలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. సంక్రాంతికి ఒకే పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వత్తిన ఇరుగుపొరుగు అమ్మలక్కలు మే నెల వచ్చేసరికి బోరింగు దగ్గర పాము, ముంగిస అయ్యేవాళ్ళు. "నా బిందె ముందర పెట్టిన్యా!" "నువ్వు పెట్టింది బిందె కాదు, రాయి!" వరసలో బిందెకు బదులు రాయి పెట్టిపోయే ఆచారం ఉండేది. రాయికి బిందెతో సమానమైన హక్కు ఉందా లేదా అన్నది ఆ వీధికి అత్యున్నత న్యాయస్థానం కూడా తేల్చలేని వివాదం. బిందెలు సొట్టలు పడేవి. మాటలు ఆగిపోయేవి. మృగశిర కార్తెలో ఒక్క వాన పడిందంటే ఆ మాటలు మళ్ళీ కలిసేవి. ఎండ మనుషుల్ని కోపిష్టులను చేస్తుందని చదువుకున్నవాళ్ళు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ కోపంలో ఎండ పాలెంత, ఖాళీ బిందె పాలెంత అని విడదీసి చూడాలి కదా. కాళిదాసుకు పాము కనబడింది, నెమలి కనబడింది. బోరింగు ఆయన కాలంలో లేదు, ఆయన్ని తప్పు పట్టలేం. మనకేమైంది?

మన కథలే చూడండి. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కు ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది. ఆ ఒక్క గాలివాన ఒక మనిషి నమ్ముకున్న నీతినియమాలన్నిటినీ కుదిపేస్తుంది. వానకు అంత శక్తి ఇచ్చాం. వడగాలికి ఇచ్చామా? మన వేసవి కథల్లో చాలా వాటిని రాసింది ఊరికి సెలవులకు వెళ్ళిన పిల్లలు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి రచయితలయ్యారు గాని, ఊరిని మాత్రం ఆ సెలవుల కళ్ళతోనే చూస్తున్నారు. సెలవులకు వచ్చిన పిల్లకు మామిడిపండు కనబడుతుంది. దాన్ని చల్లబరచడానికి వేసిన నీళ్ళ గంగాళం కనబడదు. నాకూ కనబడలేదు మరి!

ఇంక సినిమాల సంగతి. కోస్తా ఎండకు మల్లెలు, మామిళ్ళు వచ్చాయి. మా సీమ ఎండకు 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచి వరసగా వేటకొడవళ్ళు, దుమ్ము లేపుకుంటూ పోయే జీపులు వచ్చాయి. మా ఎండ వాటికోసమే కాసినట్టు! ఆ దుమ్ము ఇంట్లో పడితే ఊడ్చేది ఎవరు, ఆ పంచెల మీద నెత్తుటి మరకలు ఉతకడానికి నీళ్ళు ఎక్కడివి అని ఒక్క సినిమాలోనూ నాకు సమాధానం దొరకలేదు.

అసలు ఎండాకాలం ఊరిని ఏం చేస్తుంది? ముందు కాలాన్నే తిరగేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికే ఊరు లేస్తుంది. ఎండ ఎక్కకముందే వంట అయిపోవాలి. సంగటి, ఊరిమిండి, మజ్జిగ - అంతకు మించి పొయ్యి దగ్గర నిలబడటం ఎవరివల్లా కాదు. పది దాటితే వీధులు ఖాళీ. తలుపులు మూతపడతాయి. రెండింటికి వీధిలో మనిషి కనబడితే, ఎవరో చనిపోయిన కబురు తెచ్చాడేమోనని భయపడేవాళ్ళు. బయటికి పోక తప్పనివాళ్ళు చెవుల మీదుగా తువ్వాలు బిగించి, జేబులో ఒక ఉల్లిగడ్డ వేసుకుపోతారు. కోస్తాలో ఉక్క. చెమట కారుతుంది, కనబడుతుంది. మాది పొడి సెగ. చెమట పుట్టీపుట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్న సంగతి మనిషికి తెలియదు. అదే దాని మోసం. ఇంటికి ఎవరొచ్చినా, అప్పులవాడైనా సరే, మొదట చెంబుతో నీళ్ళిచ్చి ఆ తర్వాతే 'ఏం పనిమీద వచ్చినారు?' అని అడగాలి. నీళ్ళు లేని కాలంలోనే నీళ్ళ మర్యాద ఎక్కువ!

చేలల్లో పని ఉండదు. శనగ పంట మాఘంలోనే ఇంటికి చేరుతుంది. ఆ తర్వాత నల్లరేగడి చెయ్యి దూరేంత పగుళ్ళిచ్చి నోరు తెరుచుకు పడి ఉంటుంది. కె.సి. కాలువ కట్టేస్తారు, కుందూ సన్నబడిపోతుంది. మగవాళ్ళు వేపచెట్టు కింద కట్ట మీద పులిజూదం ఆడుకుంటూ, 'ఎండాకాలం ఏం పనుంటుంది?' అంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, వాళ్ళకు నిజంగానే లేదు. ఆ మాట విని మనం కూడా 'వేసవి అంటే పల్లెలో తీరిక' అని రాసేశాం.

కానీ ఆడవాళ్ళ సంవత్సరం అంతా తయారయ్యేది ఆ రెండు నెలల్లోనే! చింతపండు కొట్టి గింజ తీయాలి. మిరపకాయలు ఎండబోసి తొడాలు తీసి దంచాలి. వడియాలు పెట్టాలి, ఊరగాయలు వెయ్యాలి, పప్పులు విసరాలి. వానలు రాకముందే మిద్దె మీద కొత్త చౌడుమట్టి పరవాలి. మట్టి బండ్లతో తోలేది మగవాళ్ళయినా, పైకి గంపలు అందించేది ఆడవాళ్ళే. ఎండను చూసి పారిపోవడం కాదు, ఎండతో పని చేయించుకోవడం వాళ్ళకు తెలుసు. అది ఎంత గొప్ప విద్యో! దాన్ని మనం 'వేసవిలో అమ్మమ్మ చేతి వడియాల రుచి' అని ఒక్క వాక్యంలో తినేశాం.

ఇంక మిద్దె మీది రాత్రులు. ఎండాకాలం రాత్రి ఊరంతా మిద్దెలెక్కేది. ఒక మిద్దె మీది మాటకు నాలుగో మిద్దె మీది నుంచి జవాబు వచ్చేది. పగలు పలకరించుకోని వాళ్ళు కూడా చీకట్లో ఏదో ఒక కబురందుకునేవాళ్ళు. ఇదంతా నేను రాశాను, నిజమే రాశాను. కానీ ఆ మిద్దె మీద ఎవరెవరు పడుకున్నారో మాత్రం చూడలేదు. మామలు, మరుదులు, ముసలివాళ్ళు, పిల్లలు. కోడళ్ళు? కొత్త కోడలికి, వయసొచ్చిన ఆడపిల్లకు బయలు పడక పనికిరాదు. వాళ్ళు కింద, గాలి ఆడని లోపలి గదిలో, తడిపిన గోనెపట్టా మీద పడుకునేవాళ్ళు. మా అత్త కాపురానికి వచ్చిన పదకొండేళ్ళ వరకూ ఒక్క వేసవిలోనూ ఆ మిద్దె మీద పడుకోలేదట. నీళ్ళు పైకి చేర్చి దిగిపోయేది. నా నవలలో ఆమె ముఖం మీద పడ్డ వెన్నెల, ఆమె నిచ్చెన దిగేంతవరకే ఆమెది.

అలాగని తెలుగులో ఎవరూ రాయలేదంటే అన్యాయమవుతుంది. 1956లో పుస్తకంగా వచ్చిన విద్వాన్ విశ్వంగారి 'పెన్నేటి పాట' చదవండి. ఇసుక మిగిలిన ఏటి ఒడ్డున రంగడు, గంగమ్మ అనే ఆలుమగల బతుకును కావ్యం చేశారాయన. కొలకలూరి ఇనాక్‌గారి 'ఊరబావి' చదవండి. నీళ్ళెవరివి, చేద ఎవరిది, ఎవరు తోడవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్న ప్రశ్న ఒక ఊరిని ఎలా పట్టుకుంటుందో తెలుస్తుంది. మా అత్తకు బోరింగు దగ్గర వరస ఆలస్యంగానైనా దొరికింది. ఆ వరసలోనే నిలబడనివ్వని వాళ్ళకు ఎండాకాలం ఏమిటో ఆ కథ చదివాకే నేను ఆలోచించాను. కేతు విశ్వనాథరెడ్డిగారి కథలు చదవండి. కరువు నేల మీద మనిషి నడక, మాట తీరు ఎలా మారతాయో గొంతు పెంచకుండా చెప్పారు. ఇవన్నీ నేను బి.ఏ. రోజుల నుంచీ ఎరిగినవే. పరీక్షలో వాటి మీద రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నా నవల రాసేటప్పుడు ఇవేవీ నాకు అడ్డం రాలేదు చూశారూ! కరువు గురించి ఒక అరలో, వేసవి గురించి ఇంకో అరలో చదువుకున్నాను. రెండూ ఒకే బిందె అని తట్టలేదు.

ఉయ్యాలవాడకు నరసింహారెడ్డితో పాటు ఇంకో పెద్ద పేరుంది, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆయన తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చిందంటే ఆ కీర్తి ఎంత దూరం పోయిందో చూడండి. జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు, ఇప్పటికీ పాడుకుంటారు. చిన్నప్పుడు అత్త నోట విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించేది. ఈసారి వింటుంటే వేరే ఆలోచన వచ్చింది. వేలమందికి గంజి కాయాలంటే ఎన్ని కడవల నీళ్ళు పట్టి ఉంటాయి? ఆ కరువులో, ఆ ఎండల్లో, ఏ బావి అడుగు నుంచి ఎవరు తోడి, ఎవరు మోసి ఉంటారు? దాత పేరు పాటలో నిలిచింది, నిలవాల్సిందే. నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ పాటలోనూ లేవు. పాట కట్టినవాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళు తిన్న అన్నానికి కృతజ్ఞతగా పాడారు. నేను తాగిన నీళ్ళకు ఆ కృతజ్ఞత కూడా చూపలేదు, అదీ నా బాధ.

మా వైపు వాన రాకపోతే భారతంలో విరాటపర్వం చదివించడం ఒక ఆనవాయితీ. ధర్మరాజు ఉన్న చోట సకాలంలో వానలు కురుస్తాయని భీష్ముడు అందులోనే అంటాడు. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ పట్టడానికి అదొక గుర్తు. అందుకని ఆ పర్వం చదివితే వాన వస్తుందని నమ్మకం. తిక్కనగారి పద్యం అర్థమైనా కాకపోయినా జనం మబ్బు వైపు చూస్తూ వినేవాళ్ళు. నమ్మకం మాట ఎలా ఉన్నా, సాహిత్యాన్ని నీళ్ళకోసం చదివిన జనం వాళ్ళు! పుస్తకం విప్పితే ఊరికి ఏదో జరగాలని ఎదురుచూశారు. మనం 'చల్లగా' ఏదైనా ఉండాలని ఎదురుచూస్తున్నాం. ఎవరు మంచి పాఠకులు?

ఇప్పుడు ఉయ్యాలవాడ మారలేదా అంటే మారింది. అత్తవాళ్ళ మట్టి మిద్దె పోయి స్లాబు వచ్చింది. ఇంటికి కొళాయి ఉంది, తాగడానికి క్యాను నీళ్ళు కొంటారు, రెండు కూలర్లు ఉన్నాయి. మధ్యాహ్నం తలుపులు వేసుకుని టీవీ చూస్తారు. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరికీ మట్టి మిద్దె గుర్తొస్తుంది. స్లాబు పొద్దంతా తాగిన వేడిని రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది మరి! నంద్యాల వైపు ఎండ నలభై అయిదు దాటడం ఈ మధ్య అరుదు కాదు. 2015 మేలో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేయక తప్పని కూలీలు, ముసలివాళ్ళే వారిలో ఎక్కువ. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడు జనం దానికి పెట్టుకున్న పేరు 'కరువు పని'. ఎండాకాలం తెల్లవారుజామున గంప, పార, నీళ్ళ సీసా పట్టుకుని ఆ పనికి బయల్దేరిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువగా కనబడేవాళ్ళు. ఆ సీసాలో నీళ్ళు పది గంటలకే కాగిపోయేవట. జిల్లాల పడమటి వైపు, ఆదోని, ఆలూరు వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వలస పోయే కుటుంబాల ఎండాకాలం వేరే కథ. అది రాయడానికి వాళ్ళలోంచే ఎవరైనా రావాలి, నాకు ఆ అర్హత లేదు.

పెళ్ళి అయిపోయి తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి కరెంటు పోయింది. అందరం స్లాబు ఎక్కాం. మెట్లు ఉన్నాయి కదా, అత్తను కూడా రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

"నాకు అలవాటు లేదు పాపా. పైన నిద్ర పట్టదు. మీరు పోండి" అంది.

కింద వాకిట్లో మంచం వేసుకుని పడుకుంది. నేను పైన పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రెండున్నరకు కింద ఏదో చప్పుడైతే తొంగి చూశాను. అత్త లేచి కూర్చుని ఉంది. కొళాయి వచ్చి పదేళ్ళు దాటినా ఆ వేళకు మెలకువ వస్తూనే ఉందట. లేచి, చేసే పని లేక, కాసేపు కూర్చుని మళ్ళీ పడుకుంటుందట.

పాఠకురాళ్ళకు నా మనవి ఒకటి. ఈ వేసవిలోనూ ప్రత్యేక సంచికలు వస్తాయి, మల్లెపూల కథలు వస్తాయి. చదవండి, నేనూ చదువుతాను. మల్లెపూలంటే నాకేం కోపం లేదు. కానీ కథలో ఎవరైనా మిద్దె తడిపితే, ఎవరైనా అతిథికి చల్లటి కుండలో నీళ్ళు ముంచి ఇస్తే, పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగి మా అత్త ప్రశ్న అడగండి. కథలో ఎక్కడో ఒక చోట దానికి సమాధానం ఉంటే ఆ రచయిత ఊరిని చూసినట్టు. లేకపోతే సెలవులకు వెళ్ళి వచ్చినట్టు.

నా నవల రెండో ముద్రణకు వెళుతోంది. ప్రచురించేవారు మార్పులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్క పేజీ మారుస్తానన్నాను. వెన్నెల తీసేయడం లేదు, అది నిజంగానే ఉంది. ఎనిమిది బిందెలు, ఒక బోరింగు, రాత్రి రెండు గంటలు మాత్రం చేరుస్తున్నాను. అత్తకు ఫోను చేసి ఈ మాట చెబితే, "ఎనిమిది కాదు పాపా, గొడ్లవి కూడా కలుపుకుంటే పది" అంది.

పది అనే రాస్తున్నాను.